మొదటి లఘుచిత్రం – 4వ పాఠం: స్క్రిప్టు చేతికొచ్చాక షూటింగు దాకా

గత మూడు పాఠాల్లో ఆలోచనను ఒక్క వాక్యంలోకి తెచ్చుకున్నాం, దాన్ని నాలుగు సీన్లుగా పరిచాం, సంభాషణలతో స్క్రిప్టు రాసుకున్నాం. కొత్తగా చేరినవారి కోసం మన అభ్యాస కథ మళ్ళీ చెబుతాను. ఒకప్పుడు మద్రాసులోని వాహినీ స్టూడియోలో సెట్లు కట్టిన వడ్రంగి తాత నెల్లూరు నుంచి మనవడి దగ్గరికి వస్తాడు. మనవడు సాలిగ్రామంలో గది తీసుకుని చదువుకుంటున్నాడు. తాత స్టూడియో చూపించమంటాడు. వడపళనిలోని ఆ ఆవరణలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయని మనవడికి తెలుసు. చెప్పడానికి నోరు రాదు. నిడివి 8 నిమిషాలు. మొదటి సీను గదిలో, రెండోది బస్టాపులో, మూడోది మాల్ ఎదుటి పేవ్‌మెంటు మీద, నాలుగోది సాయంత్రం డాబా మీద.

మీ సొంత కథ వేరే అయి ఉండవచ్చు. అయినా ఈ పాఠం పూర్తయ్యేదాకా ఈ తాత కథతోనే సాధన చేయండి. ప్రణాళిక వేయడం పరాయి కథ మీద నేర్చుకోవడం సులభం. సొంత సీన్ల మీద మమకారం అడ్డుపడదు.

ముందు ఆ ఒక్క సీనును గుర్తించండి

ప్రతి చిన్న సినిమాలోనూ దాన్ని తీయాలనిపించిన సీను ఒకటి ఉంటుంది. మన కథలో అది మూడోది. తాత రోడ్డుకు ఇవతల నిలబడి అవతలి అద్దాల కట్టడం వైపు చూస్తాడు. మాటలు లేవు. ఆ ముఖం పలికితే సినిమా ఉంది, లేకపోతే లేదు. విద్యార్థి చిత్రాలు చాలావరకు ఇక్కడే నష్టపోతాయి: పొద్దున్నుంచి గదిలో కాఫీ గ్లాసు, చెప్పులు, తలుపు గడియ అంటూ ఒక్కో షాటు మీద గంటలు గడిపి, అసలు సీనును వెలుగు పోతుండగా, నటుడు అలిసిపోయాక, పావుగంటలో ముగిస్తారు. ఆ సీనుకు మంచి వెలుగు, అలసట లేని నటుడు, తొందర లేని రెండు గంటలు దక్కేలా చూడటమే ప్రణాళిక పని. మిగతా నిర్ణయాలన్నీ దాని తర్వాతే. స్క్రిప్టులో ఆ సీను పక్కన ఎర్ర పెన్సిలుతో గీత పెట్టి ముందుకు కదలండి.

స్క్రిప్టును విడదీయడం

ప్రతి సీనుకూ ఒక విడి కాగితం తీసుకోండి. పైన సీను నంబరు, చోటు, లోపలా బయటా, పగలా రాత్రా రాయండి. కింద ఆ సీనులో కనిపించేవాళ్ళు, వాళ్ళ దుస్తులు, చేతిలో వస్తువులు, వినబడాల్సిన చప్పుళ్ళు. మొదటి సీను కాగితంలో తాత చేతిసంచి, అందులో పాత ఉలి, చిన్న సుత్తి, మడత కొలబద్ద వస్తాయి. ఆ సంచి నాలుగు సీన్లలోనూ ఉంటుంది కనుక నాలుగు కాగితాల మీదా రాయాల్సిందే. ఒక్క కాగితంలో మరిచిపోతే ఆ రోజు సంచి ఇంట్లోనే ఉండిపోతుంది. తాత చొక్కా కూడా అంతే. కథ ఒకే రోజు జరుగుతుంది కాబట్టి చొక్కా ఒక్కటే, కానీ షూటింగు రెండు రోజులు. అదే రంగుది ఇంకొకటి దగ్గర ఉండాలి.

విడదీస్తుంటే స్క్రిప్టులోని అనవసర ఖర్చులు బయటపడతాయి. ఈ కథను సెంట్రల్ స్టేషన్లో తాత రైలు దిగడంతో మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద షూటింగుకు రైల్వే అనుమతి కావాలి, మెట్రో స్టేషన్ అయితే మెట్రో యాజమాన్యం అనుమతి. అది దొరికినా గుంపులో సగం రోజు పోతుంది. తాత సంచితో గది తలుపు దగ్గర నిలబడి, నుదుటి చెమట తుడుచుకుంటే ప్రయాణం తెలిసిపోతుంది. కథకు ఏ లోటూ రాదు. ఇలాంటి మార్పులు ఇప్పుడే చేయండి. కాగితం మీద కొట్టివేత ఉచితం.

తాత పాత సినిమా పాట కూనిరాగం తీస్తే బాగుంటుందన్న కోరికనూ వదులుకోండి. మన దేశంలో సాహిత్యానికీ సంగీతానికీ కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. ఆ పాట మీ చిత్రాన్ని చలనచిత్రోత్సవాలకు పంపేటప్పుడు అడ్డవుతుంది. వడ్రంగి పని చేసేటప్పుడు నోట్లో ఆడే పదమేదైనా మీరే కట్టి ఇవ్వండి.

చోటు చూసి రావడం

చోటును చూసేటప్పుడు అందం కన్నా ముందు వెలుగు, చప్పుడు, జనం చూడాలి. షూటింగు వారంలో ఏ రోజు, ఏ గంటకు ఉందో ముందే ఒకసారి ఆ రోజునే, ఆ గంటకే వెళ్ళండి. బుధవారం మధ్యాహ్నం చూసి ఆదివారం ఉదయం తీస్తామంటే ఆ చూపు పనికిరాదు.

వడపళని గుండా వెళ్ళే ఆర్కాట్ రోడ్డు దాదాపు తూర్పు పడమరలుగా సాగుతుంది. కాబట్టి ఉదయపు ఎండ రోడ్డు వెంబడి ఏటవాలుగా వస్తుంది. రోడ్డు దాటి ఎదుటివైపు చూస్తున్న తాతకు ఒక చెంప మీదే పడుతుంది. మనకు కావలసింది అదే. ముడతలు కనబడతాయి, కన్ను మెరుస్తుంది. పది దాటితే ఎండ నెత్తిమీదికి వచ్చి కళ్ళ కింద నీడలు పడతాయి. ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ట్రాఫిక్ కూడా పలచన. ఎర్ర గీత పెట్టిన సీనుకు సమయం ఇలా దొరికింది.

మెట్రో రెండో దశ మార్గం ఈ రోడ్డు మీదుగానే ఉంది. ఒక వారం కనబడిన నిర్మాణపు అడ్డుగోడ మరో వారం ఉండకపోవచ్చు. అందుకే రోడ్డు మీది షాట్లన్నీ ఒకే ఉదయం తీసేయాలి, రెండు వారాలకు పంచకూడదు. వడపళని మురుగన్ గుడిలో పెళ్ళిళ్ళు ఎక్కువ. ముహూర్తం రోజైతే జనం, నాదస్వరం, వాహనాలు చుట్టుపక్కల వీధుల దాకా వస్తాయి. పంచాంగం చూసి తేదీ పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో తీస్తుంటే ప్రతి బయటి సీనుకూ బదులుగా తీయగల లోపలి సీను సిద్ధంగా ఉండాలి. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. డాబా సీనుకు ఆ తేడా పెద్దది.

రోడ్డు మీద కెమెరా స్టాండు నిలబెట్టి తీయాలంటే కాలేజీ లెటర్‌హెడ్ మీద తేదీ, గంటలు, మనుషుల సంఖ్య రాసి స్థానిక పోలీసు స్టేషన్‌లో, కార్పొరేషన్ కార్యాలయంలో ముందుగా అడగండి. మాల్ లోపలికి వెళ్ళాలంటే యాజమాన్యాన్ని అడగాలి; మన కథకు లోపలితో పని లేదు. గది ఇంటి యజమాని దగ్గర, డాబా వాడుకునే పక్కింటివారి దగ్గర కూడా అనుమతి తీసుకోండి. నోటిమాటతో సరిపెట్టకుండా కాగితం మీద తీసుకోవాలి.

తాతను వెతకడం, తాతను చూసుకోవడం

చెన్నైలో తెలుగు పెద్దలకు కొదవ లేదు. టి. నగర్, సాలిగ్రామం వీధుల్లో, తెలుగు సంఘాల నాటకాల్లో అడిగితే దొరుకుతారు. నటన కన్నా చేతులు చూడండి. ఉలి పట్టుకోవడం తెలిసిన చేతులు కెమెరాకు వేయి మాటలు చెబుతాయి. ఎంచుకున్నాక ఆయనను వేళలు, మందులు, భోజనం గురించి అడిగి రాసుకోండి. డెబ్బై దాటిన మనిషిని రోజుకు ఐదారు గంటలకు మించి నిలబెట్టకూడదు, నడి ఎండలో అసలే వద్దు. నీడలో కుర్చీ, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, డాబా మెట్లు ఎక్కేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. ఇవి మర్యాద కోసమే కాదు. ఒళ్ళు నొప్పి పెడుతున్న మనిషి ముఖంలో మనం రాసిన బాధ పలకదు, నొప్పే పలుకుతుంది.

ఇక రోజును కట్టడం

ఎన్ని షాట్లు సాధ్యమో ఒక లెక్క వేయండి. లైట్లు లేకుండా తీసే చిన్న యూనిట్‌కు కెమెరా చోటు మారిన ప్రతిసారీ దాదాపు 20 నిమిషాలు పడుతుంది. భోజనం, ప్రయాణం తీసేస్తే రోజుకు పనికొచ్చేవి 6 గంటలు. అంటే 18 షాట్లు. స్క్రిప్టు 45 షాట్లు అడిగితే రెండు రోజుల్లో కావు. నిడివి ముట్టుకోకుండా షాట్లు కలపండి. తాత లేచి కిటికీ దాకా నడిచేదాన్ని మూడు ముక్కలు చేసే బదులు ఒక్క షాటులో తీయవచ్చు. మొదటిరోజు బయటి సీన్లకు మూడున్నర గంటలే దొరుకుతాయి కనుక 10 షాట్లు, రెండోరోజు 18. అలా 28కి తెచ్చాక మొదటిరోజు ఇలా ఉంటుంది: ఉదయం ఆరుకు వడపళనిలో యూనిట్, ఆరున్నరకు మూడో సీను, ఎనిమిదిన్నరకు బస్టాపు, పదింటికి టిఫిన్ చేసి ఇక ప్యాకప్. తాత ఇంటికి వెళ్ళిపోతారు. గది, డాబా రెండోరోజుకు. కథ వరుసలో తీయడం లేదు, చోటు వరుసలో తీస్తున్నాం. అందుకే కంటిన్యుటీ (ఒక సీనులో ఉన్నవి తర్వాతి సీనులోనూ అలాగే ఉండటం) చూసేవారు ప్రతి సీను చివర ఫోనుతో ఫోటో తీయాలి: సంచి ఏ భుజాన ఉంది, చొక్కా బొత్తాలు ఎన్ని పెట్టారు.

ఐదుగురు చాలు. దర్శకుడు, కెమెరా, సౌండు, వస్తువులూ కంటిన్యుటీ చూసే ఒకరు, గడియారం చూసే అసిస్టెంట్ డైరెక్టర్. దర్శకుడు గడియారం చూడకూడదు. ఆయన కళ్ళు నటుడి మీదే ఉండాలి.

కెమెరాను సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 మీద ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి గదిలో ట్యూబులైటు వణుకు కనబడదు. సౌండుకు గదిలో ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినవారి బండి తాళాలు అందులోనే పెడితే వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మరిచిపోరు. చెన్నైలో ఫ్యాను లేని గది నటులకు కష్టం, షాటుకూ షాటుకూ మధ్య వేసి విశ్రాంతి ఇవ్వండి. ప్రతి చోటా అందరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ నిశ్శబ్దం రికార్డు చేయండి, ఎడిటింగులో అతుకులు దాచేది అదే. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. రెండు వేరు డిస్కుల్లో కాపీ చేసి, తెరిచి చూశాకే కార్డు చెరపాలి.

ఈ వారం పని

నాలుగు సీన్లకూ విడదీసిన కాగితాలు తయారుచేయండి. మీ సొంత కథలో ఎర్ర గీత ఏ సీనుకు పడుతుందో, ఆ సీను ఏ గంటకు, ఎక్కడ తీస్తారో రెండు వాక్యాల్లో రాయండి. తర్వాత ఆ గంటకే ఆ చోటికి వెళ్ళి, నటుడు నిలబడే చోట స్నేహితుణ్ణి నిలబెట్టి పది ఫోటోలు తీయండి. కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు వినబడిన చప్పుళ్ళన్నీ రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ ఫోటోలను వరుసలో పేర్చి షాట్ డివిజన్, అంటే సీనును షాట్లుగా విభజించడం, చేద్దాం.