వారం వారం జమాఖర్చు: మా ఇంటి పుస్తకం నేనెలా రాస్తానంటే

నెల జీతం వచ్చే ఇంటికి నెల లెక్క సరిపోతుంది. ఒకటో తారీఖున ఎంత పడుతుందో ముందే తెలుసు కాబట్టి అద్దె, పాలు, ఫీజు తీసేస్తే మిగిలేదెంతో అప్పుడే తేలిపోతుంది. మాది అలాంటి ఇల్లు కాదు. విజయవాడ సింగ్‌నగర్‌లో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. మా ఆయన తాపీమేస్త్రి, ఆయనకు శనివారం శనివారం కూలి బట్వాడా. నాకు జాకెట్టు ఇచ్చిన రోజే డబ్బు. ఇలా ముక్కలు ముక్కలుగా డబ్బు వచ్చే ఇంటికి నెల మరీ పెద్దదైపోతుంది. పదిహేనో తారీఖున చేతిలో నాలుగు వేలు కనిపిస్తే, అది ఖర్చు పెట్టుకోదగ్గ డబ్బో, ఒకటిన ఇంటివాళ్ళకు ఇవ్వాల్సిన అద్దో తెలియదు. రోజు లెక్క మరీ చిన్నది. రెండు రోజులు ఒక్క జాకెట్టూ రాకపోతే ఊరికే భయం వేస్తుంది. వారమైతే సరిగ్గా ఉంటుంది. ఆటో తోలేవాళ్ళకు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్ళకు, మగ్గం పనివాళ్ళకు, కూలికి వెళ్ళేవాళ్ళకు కూడా ఇదే చెబుతాను.

ముందు వారం ఏ రోజుతో ముగియాలో తేల్చుకోండి. డబ్బు ఎక్కువగా వచ్చే రోజును ఆఖరి రోజు చేసుకోండి. మాకది శనివారం. ఆ రాత్రి అన్నాలయ్యాక లెక్క ముగించి, ఏ డబ్బు దేనికో అప్పుడే విడదీస్తాం. ఆదివారం ఉదయం చికెన్ కొట్టుకు వెళ్ళేసరికి ఇంటి ఖర్చుకు ఉన్నదెంతో ఇద్దరికీ తెలిసి ఉంటుంది.

పుస్తకానికి రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు చాలు. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి, బాగానే ఉంటాయి, కానీ నేను పుస్తకమే మేలంటాను. గూట్లో ఉన్న పుస్తకాన్ని ఇంట్లో ఎవరైనా తీసి చూడొచ్చు, ఎనిమిదో తరగతి పిల్లయినా కూడి పెట్టొచ్చు. ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఒక వారం. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. ఎడమ పేజీలో అన్నిటికంటే పైన ‘ముందు నిల్వ’ రాయాలి. అంటే బీరువాలో, పర్సుల్లో, షాపు డబ్బాలో ఉన్న నోట్లన్నీ లెక్కపెట్టి, బ్యాంకు ఖాతాలో ఉన్నది కలిపిన మొత్తం. ఈ ఒక్క అంకె లేకపోతే మిగతాదెంత శ్రద్ధగా రాసినా సరిచూసుకునే దారి ఉండదు.

కుడి పేజీలో ముందు షాపు ఖర్చు, ఒక గీత గీసి కింద ఇంటి ఖర్చు రాయండి. లైనింగ్ గుడ్డ, దారాలు, హుక్సులు ఇంటి ఖర్చులో కలిపేస్తే, షాపు మనకు పెడుతోందో మనమే షాపుకు పెడుతున్నామో ఎన్నటికీ తెలియదు. చేతనైతే డబ్బాలు కూడా రెండు పెట్టుకోండి. షాపు డబ్బాలోంచి పాల ప్యాకెట్‌కు తీయొద్దు. తీయక తప్పకపోతే అప్పుడే ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేయండి.

నగదు కంటే ఇప్పుడు ఫోన్‌లో పోయే డబ్బుతోనే లెక్క తప్పుతుంది. శనివారం రాత్రి ఫోన్‌పేలో హిస్టరీ తీస్తే ఎవరెవరి పేర్లో ఉంటాయి. కూరగాయలామె దగ్గరున్న స్కానర్ వాళ్ళబ్బాయి పేరు మీద ఉంటుంది, మందుల షాపుది ఓనరు పేరు మీద ఉంటుంది. నాలుగు రోజులు పోతే ఆ నూట పది దేనికో గుర్తు రాదు. అందుకే డబ్బు పంపేటప్పుడే కింద మెసేజ్ రాసే చోట ‘కూరలు’, ‘మందులు’ అని ఒక మాట కొట్టండి. చిన్న ఖర్చులకు ముందే కొంత డబ్బు వేసుకునే యూపీఐ లైట్ వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. అందులో వేసుకున్న మొత్తం మాత్రమే బ్యాంకు పాస్‌బుక్కులో కనపడుతుంది, అందులోంచి పెట్టిన చిన్న చిన్న ఖర్చులు కనపడవు. వాటిని యాప్‌లోనే చూడాలి. పాస్‌బుక్కు చూసి ‘లైట్ 500’ అని ఖర్చు రాసేస్తే ఆ ఐదు వందలు ఎటు పోయాయో పుస్తకం చెప్పలేదు.

జమలో ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్నదాని దగ్గర కొంచెం ఆగాలి. చేతికొచ్చిన డబ్బంతా ఆదాయం కాదు. పక్కింటి అక్క దగ్గర తెచ్చిన చేబదులు ఆదాయం కాదు. చిట్టీ పాడుకుంటే వచ్చిన మొత్తం కాదు. డ్వాక్రా గ్రూపులో మన వాటాకు వచ్చిన లోను అసలే కాదు. వీటన్నిటికీ నేను పుస్తకం వెనక నుంచి పేజీలు వాడతాను. ఎవరికి మనం ఇవ్వాలో ఒక పేజీ, మనకు ఎవరు ఇవ్వాలో ఒక పేజీ. లోను డబ్బు వచ్చిన వారం దాన్ని జమలో కలిపితే ఆ వారం ఇల్లు కళకళలాడుతున్నట్టు కనిపిస్తుంది, తర్వాత కట్టే ప్రతి వాయిదా నష్టంలా ఉంటుంది. కుట్టడానికి ముందే ఇచ్చే అడ్వాన్సు జమలో రాయొచ్చు గానీ పక్కన ‘అ’ అని గుర్తు పెట్టుకోండి. ఆ జాకెట్టు ఇచ్చేటప్పుడు వచ్చేది మిగతా డబ్బే అని గుర్తుంటుంది.

కిరాణా కొట్టులో ఖాతా ఉంటే, సరుకు తెచ్చిన రోజే ఖర్చు రాయండి, వెనక పేజీలో బాకీ కూడా రాయండి. బాకీ తీర్చిన రోజు వెనక పేజీలో కొట్టేయడమే, ముందు పేజీలో మళ్ళీ ఖర్చు రాయొద్దు. నగదు సరిచూసేటప్పుడు మాత్రం అప్పు తెచ్చిన సరుకును వదిలేసి, ఆ వారం తీర్చిన బాకీలను తీసేయాలి. రెండు మూడు వారాలు చేస్తే చేతికి అలవాటైపోతుంది.

ప్రభుత్వం నుంచి వచ్చేవి ఎలా రాయాలని మా గ్రూపులో వాళ్ళు అడుగుతుంటారు. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, కానీ డబ్బు ముందు మనమే కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. పడిన డబ్బును జమలో రాయకండి. గ్యాసు ఖర్చు రాసిన చోటే పక్కన ‘తిరిగి వచ్చింది’ అని రాసి కొట్టేయండి. బడికి వెళ్ళే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం వేరు. 2025 జూన్‌లో పిల్లకు 13,000 చొప్పున పడింది. అది ఏడాదికొకసారి వచ్చేది, ఆ వారపు ఆదాయంలో కలిపితే మిగతా వారాలు వెలవెలబోతాయి. దాన్ని నేరుగా ఫీజు పద్దుకే జమ చేసుకోవాలి. బస్సు ఛార్జీ పద్దయితే మా పుస్తకంలోంచి దాదాపు పోయింది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ సిటీ బస్సు ఉచితం కాబట్టి లైనింగ్ గుడ్డ కోసం వన్‌టౌన్ వెళ్ళి రావడానికి ఖర్చు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ పుస్తకానికి ప్రాణం ‘వారం వాటా’.

అద్దె నెలకొకసారి కడతాం. ఫీజు జూన్‌లో కడతాం. సంక్రాంతికి బట్టలు జనవరిలో కొంటాం. కానీ ఆ ఇంట్లో ప్రతి వారం ఉంటున్నాం, పిల్ల ప్రతి వారం బడికి వెళుతోంది. కాబట్టి ప్రతి వారం వాటి వాటా పక్కన పడాలి. ఒక కాగితం తీసుకుని వారం వారం రాని పెద్ద ఖర్చులన్నీ ఏడాదికి ఎంతో రాయండి. మాది ఇలా ఉంది:

ఇంటి అద్దె నెలకు 6,500, ఏడాదికి 78,000
షాపు అద్దె నెలకు 2,500, ఏడాదికి 30,000
కరెంటు, ఇల్లూ షాపూ కలిపి సుమారు 13,200
డ్వాక్రా వాయిదా నెలకు 3,000, ఏడాదికి 36,000
స్కూలు ఫీజు, పుస్తకాలు 32,000
ఫోన్ రీచార్జులు 3,600
పండగ బట్టలు 10,000
మిషన్ రిపేరు, మోటారు 1,200

మొత్తం 2,04,000. దీన్ని 52తో భాగించాలి. నెలకు నాలుగు వారాలే కదా అని నెల అద్దెను నాలుగుతో భాగించకండి. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిదే, ఏడాదిలో వారాలు యాభై రెండు. 6,500ను నాలుగుతో భాగిస్తే 1,625 వస్తుంది, అసలు వాటా 1,500. మిగతా పద్దులకూ అలాగే చేస్తే, బాగానే గడిచిన వారం కూడా లోటుగా కనపడి మనసు పాడవుతుంది.

2,04,000ను 52తో భాగిస్తే 3,923. నేను దాన్ని 4,000 చేశాను. ఆ పైనున్న 77 రూపాయలు ఏడాదికి నాలుగు వేలవుతాయి, ఉచిత సిలిండర్లు పోను మిగతా గ్యాసుకు సరిపోతాయి. ఫీజు అసలు 45,000, తల్లికి వందనం 13,000 తీసేసి 32,000 వేశాను. అలా తీసేయడం డబ్బు ఖాతాలో పడ్డాకే చేయాలి. పడేదాకా వారం వాటా 4,250 చొప్పునే పక్కన పెట్టాలి. వస్తుందన్న డబ్బుతో ఫీజు కట్టలేం కదా.

ఈ వాటా డబ్బును ఫోన్‌పేకి జోడించని ఖాతాలో ఉంచండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా 500 రూపాయలతో తెరవొచ్చు. చేతికి అందే చోట ఉంటే అవసరం లేకపోయినా వాడేస్తాం. సోమవారం షాపు తీసేముందు వేసి వస్తే పని అయిపోతుంది.

ఇప్పుడు ఒక మామూలు వారం చూడండి. ముందు నిల్వ 5,100. షాపులో తొమ్మిది లైనింగ్ జాకెట్లు, 350 చొప్పున 3,150. ఫాల్, పికో ఆరు చీరలకు 600. సైజు మార్పులకు 240. షాపు మొత్తం 3,990. మా ఆయనకు ఐదు రోజుల పని, రోజుకు 900 చొప్పున 4,500. అన్నీ కలిపి 8,490.

ఖర్చులో లైనింగ్ గుడ్డ 620, దారాలు, హుక్సులు 180, షాపుకు మొత్తం 800. ఇంట్లో పాలు 490, కూరలు 430, కిరాణా 560, చికెన్ 260, మందులు 110, పెట్రోలు 300, ఆయన చేతిఖర్చు 400, ఒక పెళ్ళిలో చదివింపులు 500, చిల్లర 140. ఇంటికి మొత్తం 3,190.

8,490లోంచి 800, 3,190, వారం వాటా 4,000 తీసేస్తే మిగిలింది 500. ఇదొక్కటే మనం మిగిల్చామని చెప్పుకోదగ్గ డబ్బు. వాటా లెక్క లేకుండా చూస్తే అదే వారం 4,500 మిగిలినట్టు కనపడుతుంది, ఆ ధైర్యంతోనే మిక్సీ వాయిదాల మీద వచ్చేస్తుంది.

తర్వాత సరిచూడటం. 5,100కు 8,490 కలిపి, ఖర్చయిన 3,990 తీసేస్తే 9,600 ఉండాలి. అందులో వాటా 4,000 పక్కన పెట్టాక 5,600. నోట్లు, ఖాతా లెక్కపెడితే 5,555 ఉందనుకోండి. ఆ 45 కోసం రాత్రంతా కూర్చోవద్దు, ఎవరినీ నిలదీయొద్దు. ‘తేడా 45’ అని ఖర్చులో రాసి, 5,555నే వచ్చే వారం ముందు నిల్వగా వేసుకోండి. తేడా ప్రతి వారం వంద దాటుతుంటే మాత్రం ఏదో ఒక పద్దు రాయకుండా పోతోందని అర్థం. ఎక్కువసార్లు అది ఫోన్‌లో కట్టిన చిన్న మొత్తాల్లోనే దొరుకుతుంది.

పద్దులు మరీ ఎక్కువ పెట్టొద్దు, పది లోపు చాలు. చిల్లర మాత్రం రెండు వందలు దాటనివ్వకండి, దాటితే దాన్ని విడగొట్టి రాయండి. చేతిఖర్చు గురించి గట్టిగా చెప్పాలి. ఇంట్లో సంపాదించే ప్రతి మనిషికీ అడగకుండా వాడుకునే డబ్బు కొంత ఉండాలి. టీకి ఎంత, కిళ్ళీకి ఎంత అని ఆరా తీస్తే ఆ మనిషి ఆ పుస్తకాన్ని శత్రువులా చూస్తాడు, బట్వాడా డబ్బు పూర్తిగా ఇంటికి రావడం ఆగిపోతుంది. ఆడవాళ్ళకూ అది ఉండాలి, మన పేరున కూడా ఒక పద్దు రాసుకోండి.

చదివింపుల్ని నేను వారం వాటాలో కలపలేదు. ముహూర్తాలున్నప్పుడే చదివింపులు ఎక్కువ, అప్పుడే నాకు కుట్టుపనీ ఎక్కువ. రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. మీ పని పెళ్ళిళ్ళతో సంబంధం లేనిదైతే ఏడాదికి ఇంతని వాటాలో వేసుకోవడమే మంచిది.

ప్రతి వారం మిగులు కనపడదు. మూఢం వస్తే ఒక్కోసారి రెండు నెలలకు పైగా ముహూర్తాలుండవు. వానలు పట్టుకుంటే సెంట్రింగ్ ఆగి మా ఆయనకు వారంలో రెండు రోజులే పని. అప్పుడు వాటా కూడా పూర్తిగా వేయలేం. వేయగలిగినంత వేసి, తగ్గిన మొత్తాన్ని వెనక పేజీలో మన ఇంటికి మనమే పడ్డ బాకీగా రాయండి. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతం ముందు, దసరా ముందు వచ్చే మంచి వారాల్లో ముందుగా తీర్చాల్సిన బాకీ అదే.

ఒక్కో వారాన్ని పక్క వారంతో పోల్చడం వల్ల ఉపయోగం లేదు. పదమూడు వారాలు అయ్యాక కూడండి, అది మూడు నెలలవుతుంది. జమ మొత్తాన్ని 13తో భాగిస్తే మన ఇంటి అసలు వారపు ఆదాయం తెలుస్తుంది. వారం వాటా ఆ సగటులో సగానికి దగ్గరగా ఉంటే కొత్త వాయిదా ఏదీ ఎత్తుకోవద్దు. మా వారం చూశారు కదా, 8,490లో 4,000 వాటాకే పోతోంది, అందుకే పాత లోను తీరేదాకా గ్రూపులో ఇంకో లోను అడగనని చెప్పేశాను.

అదే పదమూడు వారాల లెక్కతో షాపు రేటు కూడా చూడాలి. పైన చెప్పిన వారంలో ఒక్కో జాకెట్టుకు లైనింగ్ గుడ్డ 69, దారం, హుక్సులు 20, షాపు అద్దెలో వాటా 64 పడ్డాయి. 350లో చేతికి మిగిలింది 197. దారం రేటో అద్దో పెరిగితే ఈ అంకె ఎంత తగ్గిందో పుస్తకంలోనే కనపడుతుంది. రేటు పెంచాల్సి వస్తే ఆషాఢం ముగిసేలోపే బోర్డు మార్చండి. ఆషాఢం సేల్‌లో కొన్న చీరలన్నీ శ్రావణానికి కుట్టించుకోవడానికి వస్తాయి, ఒకసారి పాత రేటుకు బట్ట తీసుకున్నాక మాట మార్చలేం.