నూకల గంజి పెంచాక గేదె వరిగడ్డి వదిలేస్తోందా?

గేదె ఈనింది, పాలు బాగా దిగాలని కుడితిలో నూకల గంజి, మొక్కజొన్న పిండి పెంచారు. నాలుగు రోజులు పాలు పెరిగినట్టే ఉంటాయి. ఆ తర్వాత గాడిలో వరిగడ్డి సగం మిగిలిపోతుంది, పేడ జారుగా పడుతుంది, పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గిందంటారు. గడ్డి తినట్లేదు కదా అని చాలామంది పిండి ఇంకో కిలో పెంచుతారు. దయచేసి ఆ పని చేయకండి, నేనూ అదే చేసి నెల రోజుల పాలు పోగొట్టుకున్నాను.

ముందు పేడ చూడండి. గుప్పెడు తాజా పేడ జల్లెడలో వేసి, నీళ్లు తేటగా దిగేదాకా కుళాయి కింద కడగండి. మా గేదెది కడిగిన రోజు వేలి కణుపంత గడ్డి పుల్లలు రంగు కూడా మారకుండా మిగిలాయి, వాటి మధ్య మొక్కజొన్న పలుకులు. అంటే తిన్న కాస్త గడ్డి కూడా అరగట్లేదు. మధ్యాహ్నం పడుకున్నప్పుడు నెమరు కూడా లెక్కపెట్టండి, ఒక్కో ముద్దను 50, 60 సార్లు నమలాలి, 30, 40కే మింగేస్తుంటే తేడా ఉన్నట్టే.

ఎందుకిలా? వరిగడ్డిని అరిగించేది పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. వాటిలో పీచును అరిగించేవి వేరు, పిండిని తినేవి వేరు. పిండి తినేవి చాలా వేగంగా పెరిగి ఆమ్లం వదులుతాయి. పొట్టలో పులుపును కొలిచే పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 6 కంటే దిగితే పీచును అరిగించేవి చతికిలపడతాయి. గంజికి నమిలే పని లేదు, నమలకపోతే లాలాజలం ఊరదు, ఆమ్లాన్ని విరిచే సోడా గుణం ఉన్నది ఆ లాలాజలంలోనే. పీచు అరిగినప్పుడు వచ్చే అసిటేట్ అనే పదార్థమే పాలలో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు కాబట్టి వెన్న శాతం కూడా పడిపోతుంది.

మన ఊళ్లలో ఇంతకంటే పెద్ద కారణం మాంసకృత్తుల్లో ఉండే నత్రజని చాలకపోవడం అని నా నమ్మకం. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే మొత్తం మేతలో 7 శాతమైనా ఉండాలి. ఉన్న ఆ కాస్తా పిండి తినేవే ముందు లాగేసుకుంటాయి. అందుకే వంట సోడా కలిపి పీహెచ్ సరిచేసినంత మాత్రాన గడ్డి అరగదు.

ఇక చేయాల్సింది. నూకలు, పిండి మూడు నాలుగు రోజుల్లో సగానికి తగ్గించి, మిగిలింది రోజుకు మూడు నాలుగు సార్లుగా, కాస్త గడ్డి తిన్నాకే పెట్టండి. పొద్దున్నే ఖాళీ పొట్ట మీద గంజి అస్సలు వద్దు. తగ్గించిన చోట వేరుశనగ చెక్క గానీ పత్తి గింజల చెక్క గానీ అర కిలో నుంచి కిలో దాకా వేయండి. శనగ పొట్టు, కంది పొట్టు కూడా మంచివే, వాటిలో బలం తేలిగ్గా అరిగే పీచు నుంచి వస్తుంది, అందుకే పిండిలా ఒక్కసారిగా పులవవు. పిల్లిపెసర, అలసంద లాంటి పచ్చిమేత దొరికితే వదలకండి.

గడ్డినే బాగుచేసుకోవాలంటే 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియాను నేరుగా కుడితిలో కలిపితే మాత్రం గేదె ప్రాణం పోతుంది, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

పెళ్లిలో మిగిలిన అన్నం బకెట్ల కొద్దీ తిని, ఎడమ డొక్క ఉబ్బి, నెమరు ఆగి, పుల్లటి వాసనతో నీళ్ల పేడ వేస్తుంటే ఇవేవీ పనికిరావు, వెంటనే పశువుల డాక్టరు గారిని పిలవండి.

మేత మార్చాక రెండు మూడు వారాలు ఆగాలి, సూక్ష్మజీవులు కుదురుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. మేము 18వ రోజు మళ్లీ జల్లెడ పట్టి కడిగితే పొడుగు పుల్లలు నాలుగైదే కనిపించాయి, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా విడిపోయాయి.