మినాండర్ వెండి నాణెం మీది అక్షరాలు చదవడం ఎలా?

పదింతలు పెద్దగా చూపే భూతద్దం, పక్కనుంచి వెలుతురు పడే దీపం, కాగితం, పెన్సిల్ చాలు. నాణేన్ని చింతపండుతో తోమకండి. వెండికి పట్టిన నలుపే అక్షరాల అంచుల్ని పట్టిస్తుంది.

ముందు రాజు తల ఉన్న వైపు చూడండి. పైన చుట్టూ గ్రీకులో 'బసిలియోస్ సోటేరోస్', కింద 'మెనాండ్రూ'. 'రక్షకుడైన మినాండర్ రాజుది' అని అర్థం. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గాంధారం, పంజాబ్ ప్రాంతాలను ఏలిన ఈ గ్రీకు రాజే బౌద్ధ గ్రంథాల్లో కనిపించే మిలిందుడు. ఈ మూడు మాటలూ కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు తిప్పండి. వజ్రాయుధం విసురుతున్న గ్రీకు దేవత ఎథీనా తల పైకి ఉండాలి. చుట్టూ ఉన్నది ఖరోష్ఠి, అంటే భారత వాయవ్య ప్రాంతపు పాత లిపి. దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఖరోష్ఠిని కుడి నుంచి ఎడమకు చదవాలి. గడియారంలో నాలుగంకె దగ్గర మొదలుపెట్టి, పన్నెండు మీదుగా ఎనిమిది వైపు వెళ్లండి: 'మహరజస త్రతరస'. కింద విడిగా, మళ్లీ కుడి నుంచే, 'మెనంద్రస'. గ్రీకులో ఉన్న అర్థమే ఇక్కడా: 'త్రతరస' అంటే రక్షకుడిది.

మన కన్ను దీర్ఘం కోసం వెతుకుతుంది. వెతకొద్దు, ఖరోష్ఠిలో దీర్ఘాలకు వేరే గుర్తు లేదు. మూడు మాటల చివరా వచ్చే 'స'ను ముందు పట్టుకోండి. మన 'యొక్క' చేసే పనే అదీ చేస్తుంది. మూడు 'స'లు దొరికితే మాటల హద్దులు తేలిపోతాయి. మొత్తం పదమూడు అక్షరాలు: ఐదు, నాలుగు, నాలుగు.

అసలు చిక్కు 'త్రతరస'లో ఉంది. 'త', 'ర' కవలల్లా ఉంటాయి. 'ర'కు కాడ పొడుగు, 'త'కు పొట్టి. అరిగిన నాణెం మీద ఆ తేడా కూడా మిగలదు. అందుకే ఒక్క అక్షరాన్నే పట్టుకుని వాదించకండి. దీపాన్ని నాలుగు దిక్కులకూ జరుపుతూ, కనిపించిన గీతను కనిపించినట్టే కాగితం మీద గీయండి. ఫొటోలతో పోల్చి చూసుకునే పద్ధతి నేను ఒప్పుకోను. అందులో మనం చూడాలనుకున్నదే కనిపిస్తుంది. 1830లలో బ్రిటిష్ పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ ఖరోష్ఠి గుట్టు విప్పడానికి ఆసరా అయింది కూడా ఇలాంటి రెండు లిపుల నాణేలే: తెలిసిన గ్రీకు నుంచి తెలియని దానికి.

'మహరజస త్రతరస' దొరకగానే మినాండర్ అని తేల్చేయకండి. అపొల్లోడోటస్, స్ట్రాటో అనే వేరే గ్రీకు రాజుల నాణేల మీదా ఆ బిరుదే ఉంది. పేరులోని 'మె', 'ద్ర' రెండూ కనిపించాలి. రెండు వైపులా పేరు అరిగిపోయి ఉంటే 'పేరు చదవలేదు' అని రాసి పక్కన పెట్టండి.