మేకల టీకాలో పరాయి వైరస్‌ని వెతకాలంటే ముందు ఖాళీ ట్యూబు పెట్టండి

గుణుపురంలో మా వీధిలో మేకలు, గొర్రెలకు వచ్చే పీపీఆర్ జబ్బుకి టీకాలు వేసే రోజున, తెల్లారకముందే ఆడవాళ్లు మేకల పలుపులు పట్టుకుని వరసలో నిలబడతారు. ఆ సీసాలో ఇంకేమైనా కలిసిందా అని చూడాల్సిన బాధ్యత వాళ్లది కాదు, నాలాంటివాళ్లది. పదకొండేళ్లుగా టీకాల నాణ్యత పరీక్షల్లో ఉన్నాను. ఇప్పుడు డేటా పని చాలావరకు ఇక్కడి ఇంటి నుంచే చేస్తున్నాను. బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతున్న మా మేనకోడలు "మావయ్యా, సీక్వెన్సింగ్‌తో వైరస్‌ని ఎలా పడతారో మొదట్నుంచీ చెప్పవా" అని అడిగింది. తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

పీసీఆర్ పరీక్షని ఏ వైరస్ గురించి అడిగితే దాని గురించే చెబుతుంది. సీక్వెన్సింగ్ అలా కాదు, నమూనాలో ఉన్న డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అంతా చదువుతుంది. 2010లో పిల్లలకిచ్చే రోటారిక్స్ టీకాలో పందుల సర్కోవైరస్, పీసీవీ1, బయటపడింది ఇలాగే. ఎవరూ దాని కోసం వెతకలేదు. కణాలు పెంచడానికి వాడిన ట్రిప్సిన్ అనే పంది ఎంజైము నుంచి వచ్చిందని తర్వాత తేలింది. అమెరికాలో మార్చిలో ఆపిన టీకాని, మనుషులకు హాని కనబడక, మేలో మళ్లీ మొదలుపెట్టారు.

పీపీఆర్ టీకాని వీరో కణాల్లో, అంటే లేబులో పెంచే కోతి కిడ్నీ కణాల్లో, పెంచుతారు. ఆ కణాలకు దూడ సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పోస్తారు. నా భయమంతా ఆ సీరం మీదే. పశువులకు విరేచనాల జబ్బు తెచ్చే బీవీడీ వైరస్ అందులోంచే దూరుతుంది. పైగా దానిలో చాలా రకాలు కణాలను చంపవు, మైక్రోస్కోపులో చూస్తే అంతా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే ఒక్క టీకా సీసా పంపి ఊరుకోకండి. సెల్ బ్యాంకు (దాచి ఉంచిన కణాలు), సీడ్ వైరస్ (టీకా పెంచడానికి విత్తనంలా వాడే వైరస్), సీరం, ట్రిప్సిన్ విడివిడిగా పరీక్షకు పెట్టండి. దొరికాక ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇప్పుడు ఖాళీ ట్యూబు సంగతి. నమూనాకు బదులు శుభ్రమైన నీళ్లు పోసిన ట్యూబు ఒకటి, మొదటి మెట్టు నుంచి చివరిదాకా నమూనాల పక్కనే నడవాలి. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక లేబులో ఖర్చు ఎక్కువని దాన్ని మానేశారు. మూడు బ్యాచీల్లో పార్వోవైరస్‌ని పోలిన డీఎన్‌ఏ కనబడింది. పంతొమ్మిది రోజులు బ్యాచీలు ఆపి, నిద్ర లేకుండా టెన్షన్ పడ్డాం. చివరికి ఖాళీ ట్యూబుతో మళ్లీ చేస్తే అందులోనూ అదే ఉంది. అది డీఎన్‌ఏని శుద్ధి చేసే చిన్న గొట్టం, అంటే కాలమ్‌లోని సిలికాతో వచ్చింది. ఇలాంటి కాలుష్యం గురించి 2013లోనే పరిశోధకులు ప్రచురించారు, మేమే చదవలేదు.

రెండో కంట్రోలు స్పైకు. నమూనాని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో తెలిసిన వైరస్‌ని తెలిసిన మోతాదులో కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన ప్రామాణిక వైరస్‌లు ఇందుకోసం 5 ఉన్నాయి: ఎప్‌స్టీన్-బార్, ఫెలైన్ ల్యుకేమియా, ఆర్‌ఎస్‌వీ, రియోవైరస్, పీసీవీ1. కలిపినదే కనబడకపోతే కలపనిది కనబడలేదన్న మాటకి విలువ లేదు.

లైబ్రరీ చేసేటప్పుడు, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసేటప్పుడు, ఒక్క తప్పు మాత్రం చేయకండి. పాలీ-ఎ తోక (చివర వరసగా ఉండే ఎ అక్షరాలు) ఉన్న ఆర్‌ఎన్‌ఏని మాత్రమే ఏరే కిట్ వాడొద్దు. బీవీడీకి ఆ తోక ఉండదు, దాన్ని మీ చేత్తోనే పారబోసినట్టవుతుంది. ఇండెక్సులు (ఏ ముక్క ఏ నమూనాదో చెప్పే గుర్తులు) కూడా ప్రతి నమూనాకీ రెండు వైపులా వేరే ఎక్కడా వాడనివి పెట్టండి, లేకపోతే పక్క ట్యూబు రీడ్స్ (మెషీన్ చదివిన ముక్కలు) ఇందులోకి వచ్చి చేరతాయి.

మా అమ్మ బియ్యం గాలించేటప్పుడు అడుగున మిగిలిన గుప్పెడుని అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గర నిలబడి చూస్తుంది. డేటాతోనూ అంతే. ముందు వీరో కణాల జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) రీడ్స్, తర్వాత టీకా వైరస్ రీడ్స్ తీసెయ్యండి. మిగిలిన వాటిని అతికించి, పొడుగు ముక్కలు చేసి, ఆర్‌వీడీబీ లాంటి వైరస్ డేటాబేసుతో పోల్చండి. వచ్చిన ప్రతి హిట్‌నీ, అంటే కుదిరిన ప్రతి పోలికనీ, కళ్లతో చూడండి. వీరో కణాల్లో కోతుల రెట్రోవైరస్ హిట్ తరచూ వస్తుంది, అది కణం జీనోమ్‌లోనే ఉండే పాత భాగం. కంగారు పడక్కర్లేదు. రీడ్స్ అన్నీ వైరస్ జీనోమ్‌లో ఒకే చోట గుట్టపడితే ఆ హిట్ నిజమేనా అని అనుమానించండి, పొడవునా పరుచుకుంటే నిజం కావచ్చు, జాగ్రత్త పడండి.

బీవీడీ హిట్ నిజమనిపించినా అది బతికున్న వైరస్ అని అప్పుడే అనకండి. గామా కిరణాలతో చంపిన సీరంలో కూడా దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు మిగులుతాయి. మొదట ఆ వైరస్‌లో వేరే చోటుని పట్టే ప్రైమర్లతో (వెతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) ఆర్‌టీ-పీసీఆర్, అంటే ఆర్‌ఎన్‌ఏని పట్టే పీసీఆర్, చేయండి. తర్వాత టీకా వైరస్‌ని దాని యాంటీసీరంతో (దాన్ని అడ్డుకునే యాంటీబాడీలున్న సీరంతో) కట్టడి చేసి, నమూనాని బీవీడీ లేదని ముందే తేల్చుకున్న ఎండీబీకే కణాల (ఆవు కిడ్నీ కణాల) మీద, దూడ సీరం బదులు గుర్రపు సీరంతో, కొన్ని పాసేజీలు పెంచండి, అంటే కొత్త కణాల మీదికి మార్చి మార్చి పెంచండి. ప్రతి పాసేజీలో కొలవండి. పలచబడుతూ పోతే మిగిలినవి ముక్కలే. పెరిగితే ఆ బ్యాచీ బయటికి పోకూడదు, ఎంత నష్టమైనా సరే.

రిపోర్టులో "వైరస్ లేదు" అని రాయొద్దు. స్పైకు ఎంత మోతాదు దాకా కనబడిందో, ఖాళీ ట్యూబులో ఏం దొరికిందో రాసి, ఆ హద్దులో పరాయి వైరస్ జాడ దొరకలేదని రాయండి. అదే నమూనా మరో సీసా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో, మూత తీయకుండా ఉంచండి.