సన్నగిల్లిందా, క్షీణించిందా, సడలిందా? బలం తగ్గడాన్ని చెప్పే సరైన మాట ఎంచుకోవడం ఎలా?

బలం కొద్దికొద్దిగా తగ్గిపోవడాన్ని చెప్పే క్రియలకు తెలుగులో కొదవ లేదు. సన్నగిల్లు, క్షీణించు, సడలు, నీరసించు, కృశించు, మందగించు, అడుగంటు, నీరుగారు, మసకబారు, కుంగు, ఉడుగు, కొడిగట్టు... పర్యాయపదాల పట్టికలో ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. వాక్యంలో పెడితే తేడా బయటపడుతుంది. ‘ఆశలు సన్నగిల్లాయి’ అంటే బాగుంటుంది, ‘చెప్పులు సన్నగిల్లాయి’ అంటే నవ్వుతారు. చాలామంది తీవ్రతను బట్టి మాట వెతుకుతారు. ఎంత తగ్గింది అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఏది తగ్గింది అన్నది.

1. ముందు కర్తను రాసుకోండి

క్రియ చోటు ఖాళీగా వదిలి, తగ్గుతున్నది ఏమిటో మాత్రం రాయండి. చాలాసార్లు ఆ మాటే తనకు కావాల్సిన క్రియను లాక్కొస్తుంది.

మనిషి ఒంటి సంగతైతే మాటలు ఎన్నో ఉన్నాయి, వాటి మధ్య తేడాలూ గట్టివే. ఒక పూట తిండి లేకపోయినా, రెండు రోజులు జ్వరం వచ్చినా మనిషి నీరసిస్తాడు. అది మళ్లీ కోలుకునే స్థితి. చిక్కిపోవడం కంటికి కనిపించే సన్నదనం; తెలంగాణలో ‘బక్కగైండు’ అంటారు. దీర్ఘరోగం వల్లనో దిగులు వల్లనో రోజుల తరబడి తగ్గిపోతే కృశించడం. వయసు మీదపడి శక్తి పోతే ఉడగడం. ఇంటికొచ్చిన మేనల్లుణ్ణి ‘చిక్కిపోయావేంట్రా’ అని ఎవరైనా అడుగుతారు. ‘కృశించావేంట్రా’ అని ఎవరూ అడగరు, అది రాతలో మాట. మనసు సంగతైతే డీలాపడ్డాడు, కుంగిపోయాడు. చూపు, వినికిడి, ఆకలి, జీర్ణశక్తి మందగిస్తాయి. మొత్తం ఆరోగ్యం మాత్రం క్షీణిస్తుంది.

వస్తువులకు వాటి పదార్థాన్ని బట్టి మాట ఉంటుంది. చెప్పు అరుగుతుంది, బట్ట చివుకుతుంది, చెక్క పుచ్చుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, కత్తి మొద్దుబారుతుంది, నులక మంచం సడలుతుంది, రంగు వెలుస్తుంది, పూలు వాడతాయి, కూరగాయలు వడలిపోతాయి, కట్టడం శిథిలమవుతుంది. వీటన్నిటికీ ‘బలహీనపడింది’ అని రాస్తే అర్థం తప్పు కాదు గానీ వాక్యం చప్పగా ఉంటుంది. కింద ఆధారం జారి బరువైన కట్టడం దిగిపోతే కుంగడం. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ వార్తల్లో వినిపించిన మాట అదే: పిల్లర్లు కుంగాయి. అక్కడ శిథిలమయ్యాయి అని రాయలేం. శిథిలమవడానికి ఏళ్లు పడుతుంది.

కంటికి కనిపించనివి మిగిలాయి. ఆశ, నమ్మకం, ఆదరణ, పట్టుదల సన్నగిల్లుతాయి. ప్రతిష్ఠ మసకబారుతుంది. క్రమశిక్షణ, పట్టు, బంధం సడలుతాయి. ఉత్సాహం నీరుగారుతుంది. ఉద్యమం చల్లబడుతుంది. శాంతిభద్రతలు క్షీణిస్తాయి. ప్రాణం కొడిగడుతుంది; దీపానికి వాడే మాటను ప్రాణానికి తెచ్చుకున్నాం కాబట్టి ఇది ఆఖరి దశకే సరిపోతుంది.

అడుగంటడమూ ఆఖరి దశే. చెరువులో సగం నీళ్లుండగా ‘నీళ్లు అడుగంటాయి’ అనకూడదు. అన్నం విషయంలో మాత్రం దీని అర్థమే వేరు, అడుగు మాడిందని.

2. తగ్గడం మంచిదా, చెడ్డదా చూడండి

‘తగ్గుముఖం పట్టు’ అనేది పెరిగి పెరిగి ఇబ్బంది పెట్టినదానికే. జ్వరం, వరద, ధరలు తగ్గుముఖం పడతాయి. ‘ఆయన ఆరోగ్యం తగ్గుముఖం పట్టింది’ అని రాస్తే చదివేవాడు తికమకపడతాడు. ఇంకో సంగతి, తగ్గుముఖం పట్టడమంటే తగ్గిపోవడం కాదు, దిశ మారడం. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48, మూడోది 53 దగ్గర ఇస్తారు. నీటిమట్టం 54 నుంచి 50కి వస్తే వరద తగ్గుముఖం పట్టినట్టే, కానీ రెండో హెచ్చరిక స్థాయికి ఇంకా పైనే ఉంది. ‘వరద తగ్గింది’ అని శీర్షిక పెడితే లోతట్టు ఊళ్లవాళ్లకు తప్పు సమాచారం ఇచ్చినట్టు.

3. లెక్కలున్నచోట జాగ్రత్త

అంకె పక్కన సన్నగిల్లు, మసకబారు లాంటి మాటలు నిలవవు. ‘అమ్మకాలు 12 శాతం సన్నగిల్లాయి’ కాదు, ‘12 శాతం తగ్గాయి’. ఉష్ణోగ్రతలు క్షీణించాయి అని కొందరు రాస్తారు, పడిపోయాయి అంటే హాయిగా ఉంటుంది.

మూడుచోట్ల మాట మారితే సమాచారమే మారిపోతుంది:

ఆర్థిక వార్తల్లో వృద్ధి రేటు 7 శాతం నుంచి 6 శాతానికి వస్తే వృద్ధి మందగించింది. ఆర్థిక వ్యవస్థ ఇంకా పెరుగుతూనే ఉంది. క్షీణించింది అనాలంటే ఉత్పత్తి ముందటి ఏడాది కన్నా తగ్గాలి. కోవిడ్ లాక్‌డౌన్ పడిన 2020–21లో జరిగింది క్షీణత.

రూపాయి దగ్గర అంకె ఎదురు తిరుగుతుంది. డాలరుకు 83 రూపాయల నుంచి 84కు పోతే అంకె పెరిగింది, రూపాయి బలహీనపడింది. ‘విలువ’ అనే మాట పెడితే ‘రూపాయి విలువ తగ్గింది’ అనండి. ‘విలువ బలహీనపడింది’ అతకదు.

తుపాను వార్తల్లో ‘బలహీనపడింది’ వాతావరణ శాఖ వాడే లెక్క ఉన్న మాట. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను. అంతకన్నా తగ్గితే తీవ్ర వాయుగుండం, ఇంకా తగ్గితే వాయుగుండం, ఆ కింద అల్పపీడనం. బలహీనపడింది అని రాసినప్పుడు ఏ మెట్టుకు దిగిందో కూడా రాయండి: ‘తుపాను బలహీనపడి తీవ్ర వాయుగుండంగా మారింది’. ఇక్కడ అందం కోసం ‘సన్నగిల్లింది’ అని మార్చొద్దు.

4. మెల్లగా అన్న సంగతి ఒక్కసారే చెప్పండి

‘నానాటికీ క్రమక్రమంగా క్షీణిస్తూ వస్తోంది’ అనే వాక్యంలో మెల్లదనం మూడుసార్లు ఉంది. ‘నానాటికీ క్షీణిస్తోంది’ చాలు, లేదా ‘క్షీణిస్తూ వస్తోంది’. ‘క్షీణించింది’ అంటే ఫలితం. ‘క్షీణించిపోయింది’ అంటే ఇక చేయగలిగింది లేదన్న బాధ తోడవుతుంది, అందుకే వైద్య నివేదికలో ‘పోయింది’ పెట్టకూడదు. ఇక ‘ఒక్కసారిగా సన్నగిల్లాయి’ తనను తానే ఖండించుకునే మాట. హఠాత్తుగా పోతే ఆశలు ఆవిరయ్యాయి అనండి.

5. దానంతట అది తగ్గిందా, ఎవరైనా తగ్గించారా?

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ‘పొగ తాగడం ఆరోగ్యాన్ని క్షీణిస్తుంది’ అని తరచూ కనిపిస్తుంది. క్షీణించు అకర్మకం, దానికి ‘ని’ చేర్చిన కర్మ ఉండదు. ‘పొగ తాగితే ఆరోగ్యం క్షీణిస్తుంది’ అని తిప్పి రాయండి. ‘క్షీణింపజేస్తుంది’ కూడా సరైనదే గానీ బరువు. మిగతా జతలు: బలహీనపడు – బలహీనపరచు, సడలు – సడలించు, కుంగు – కుంగదీయు, నీరుగారు – నీరుగార్చు. చివరి జతలో అర్థం కూడా కదులుతుంది. ఉత్సాహం నీరుగారితే తప్పెవరిదీ కాకపోవచ్చు, కేసు నీరుగార్చారు అంటే మాత్రం కావాలనే చేశారన్న ఆరోపణ. ఆధారం లేకుండా రాయకండి.

నామవాచకాల్లో ‘బలహీనత’తో చిక్కుంది. అది బలం తగ్గుతున్న క్రమాన్ని చెప్పదు, ఉన్న లోపాన్ని చెబుతుంది. ‘తీపి ఆయన బలహీనత’ లాగా. క్రమాన్ని చెప్పాలంటే క్షీణత, లేదా ‘బలహీనపడటం’.

6. నిఘంటువులో సరిచూసుకోండి

‘సన్నగిల్లింది’ అని వెతికితే దొరకదు. ‘సన్నగిల్లు’ అని, ఉకారంతో ముగిసే రూపంలో వెతకాలి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకే మాటను బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువుల్లో ఒకేసారి చూడొచ్చు. పాత నిఘంటువులు అర్థం చెబుతాయి గానీ ఏ కర్తతో ఏ క్రియ నప్పుతుందో ప్రతిసారీ చెప్పవు. దానికి నాలుగైదు పత్రికా వాక్యాలు చదవడమే దారి. అక్షరాలూ చూసుకోండి: క్షీణించులో దీర్ఘమూ ణకారమూ ఉండాలి, కృశించుకు వట్రుసుడి కావాలి, శిథిలంలో ఉన్నది థ. ‘శిధిలం’ అని బోర్డుల మీద కూడా కనిపిస్తుంది, అయినా తప్పే.