కొత్త కారు మాటిమాటికీ రిపేరుకే పోతోందా? ముందు జాబ్ కార్డ్ సంగతి చూడండి

కొత్త కారులో అదే లోపం రెండోసారి వచ్చిందంటే, "ఈ మోడల్‌కి ఇది మామూలే సార్, తిప్పుతూ ఉంటే సెట్ అయిపోతుంది" అన్న సర్వీస్ సెంటర్ వాళ్ల మాట విని ఊరికే వెనక్కి రాకండి. నిజంగా మామూలే అయితే ఆ ముక్క జాబ్ కార్డ్ (మీ ఫిర్యాదు, బండికి చేసే పని వాళ్లు రాసిచ్చే కాగితం) మీద రాసి సంతకం పెట్టమనండి.

రేపు కంపెనీతో వాదించినా, కోర్టుకెళ్లినా, మీరెంత టెన్షన్ పడ్డారో చూసినవాళ్లు ఎవరూ ఉండరు, కాగితం మీద ఏముందో అదే చూస్తారు. "స్పీడ్‌లో ఉండగా ఇంజిన్ ఆగిపోతోంది" అని మీరు చెప్తే అక్కడ "జనరల్ చెకప్" అని రాసుకున్నారనుకోండి, ఆ లోపం కోసం మీరు వెళ్లినట్టు రుజువే ఉండదు. అందుకే సంతకం పెట్టేముందు చదివి, ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి: ఎంత స్పీడ్‌లో వస్తోంది, ఇంజిన్ వేడెక్కాక వస్తోందా చల్లగా ఉన్నప్పుడా, డ్యాష్‌బోర్డ్ మీద ఏ లైటు వెలిగింది. బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, కిలోమీటర్ల రీడింగ్ కచ్చితంగా ఉండాలి. మార్చిన పార్టు పేరు, స్కాన్‌లో వచ్చిన ఎర్రర్ కోడ్ కూడా అడిగి తీసుకోండి. "చెక్ చేశాం, ఏమీ కనపడలేదు" అన్నా సరే ఆ కాగితం వదలొద్దు, అదే లోపం మళ్లీ వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. వచ్చిపోతూ ఉండే లోపమైతే పక్క సీట్లో ఉన్నవాళ్లతో వీడియో తీయించండి.

బ్రేకులు, స్టీరింగ్, పెట్రోలు కారడం లాంటివైతే మాత్రం రుజువుల కోసం బండి నడపొద్దు. టో చేయించండి. ఛాసిస్ నంబర్‌తో రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం) ఏమైనా ఉందేమో కూడా చూడండి, ఉంటే రిపేరు ఉచితంగా చేయాలి.

చాలామంది చేసే పొరపాటు డీలర్ దగ్గరే ఆగిపోవడం. తయారీ కంపెనీకి విడిగా ఈమెయిల్ పెట్టండి: ఛాసిస్ నంబర్, కొన్న తేదీ, ఏ రోజున ఏ లోపానికి తీసుకెళ్లారు, మీకేం కావాలి (రిపేరా, వేరే కారా, డబ్బు వాపసా), ఎప్పటిలోగా జవాబివ్వాలి. ఫోన్‌లో ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటే, "మీరు ఇవాళ ఫోన్‌లో ఇలా చెప్పారు" అంటూ వెంటనే మెయిల్ రాసేయండి.

ఇక చట్టం సంగతి, ఇది మీరుండే దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1982లో కనెక్టికట్‌తో లెమన్ చట్టాలు (లోపం పోని కొత్త కారు కొన్నవాళ్లను కాపాడేవి) మొదలై ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వివరాలు రాష్ట్రానికో రకంగా ఉన్నా, అదే లోపానికి మూడు నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోవడం, లేదా మొత్తం 30 రోజులు బండి షెడ్డులోనే ఉండిపోవడం చాలాచోట్ల కొలమానం. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం మొదటి 30 రోజుల్లో లోపం బయటపడితే కారు తిప్పి ఇచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ గడువు దాటితే రిపేరుకు ఒక్క అవకాశం ఇవ్వాలి, అప్పటికీ బాగవకపోతే తిప్పి ఇవ్వొచ్చు, కానీ వాడుకున్నందుకు కొంత తగ్గిస్తారు.

ఇండియాలో ఇన్నిసార్లు రిపేరైతే కారు మార్చాలి అన్న లెక్క చట్టంలో లేదు, అది మనకు నిజంగా పెద్ద లోటు. పైగా వారంటీ షరతుల్లో పార్టు మారుస్తామనే ఉంటే కారంతా మార్చక్కర్లేదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. కాబట్టి పార్టులు మార్చినా లోపం పోలేదని, అది తయారీలోనే ఉందని చూపించాల్సిన భారం మన మీదే పడుతుంది. దీనికి నిపుణుడి రిపోర్టు చాలా ముఖ్యం. బండిని ల్యాబ్ పరీక్షకు పంపమని, కేసు విచారించే వినియోగదారుల కమిషన్‌నే అడగొచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి చూడండి, కదలిక లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు వేయండి. కారుకు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి, కారు ఎక్కడ కొన్నా మీరు ఉండే ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. "చూస్తాం, చేస్తాం" అన్న మాటలతో ఆ రెండేళ్లు ఇట్టే కరిగిపోతాయి, జాగ్రత్త.

డబ్బు వాపసు అడిగేటప్పుడు కారు ధర ఒక్కటే రాయకండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, టోయింగ్, బండి లేని రోజుల్లో పెట్టుకున్న క్యాబ్ ఖర్చులు కూడా రసీదులతో సహా కలపండి. ఈలోగా బయట వైరింగ్ పనులేవీ చేయించొద్దు, లోపానికి కారణం అదేనంటారు. సర్వీసులు టైముకి చేయించండి. కోపంతో ఈఎంఐ ఆపేయడం మాత్రం వద్దే వద్దు, అప్పు బ్యాంకుతో, గొడవ కంపెనీతో, బ్యాంకు మీ క్రెడిట్ స్కోర్ దెబ్బతీస్తుంది.

మధ్యలో ఉచిత సర్వీసో, పొడిగించిన వారంటీయో ఇస్తామని పిలిచి ఒక కాగితం మీద సంతకం అడగొచ్చు. ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి, "ఇకపై ఈ విషయంలో ఏ క్లెయిమూ ఉండదు" అన్న వాక్యం అందులో ఉంటే, అది కొట్టేయించేదాకా సంతకం పెట్టకండి.