పాత బీడు పైపుకు కొత్త పీవీసీ కలిపే ముందు

మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకరు బాత్‌రూము పగలగొట్టి కొత్తగా కట్టించుకున్నారు. ఈ వారం కింది ఇంటి వంటగది కప్పు పెచ్చులూడి నేరుగా పొయ్యి మీద పడింది. అప్పుడక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పైన కొత్త టైల్స్ తీసి చూస్తే ఎన్నో ఇళ్లను ముంచిన పాత తప్పే బయటపడింది. బీడు (పోత ఇనుము) పైపు మూతిలో పీవీసీ పైపు దూర్చి, చుట్టూ సిమెంటు కూరారు.

మంచి పైపులు కొనండి, పనితెలిసిన ప్లంబరును పిలవండి వంటివి మీకు తెలిసినవే. ఆ అతుకు సంగతే చెబుతాను.

సిమెంటు పీవీసీని పట్టుకోదు. నున్నటి పైపు చుట్టూ గట్టిపడి కూర్చుంటుంది, అంతే. 30 డిగ్రీల వేడి తేడాకు 3 మీటర్ల పీవీసీ పైపు 5, 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న బీడు పైపు సాగేది 1 మిల్లీమీటరు. గీజరు నీళ్లు వదిలిన ప్రతిసారీ ఒకటి కదులుతుంది, ఒకటి కదలదు. మధ్యలో సిమెంటు నెర్రెలిస్తుంది. మొదట్లో చుక్క కూడా కారదు, అందుకే మేస్త్రీలు ధీమాగా ఉంటారు. తెల్ల సిమెంటు పూసినా ఇదే గతి. పీవీసీ అతికించే గమ్ము కూడా ఇనుముకు పనికిరాదు.

రెండు పక్కలా స్టీలు క్లిప్పులు బిగించే రబ్బరు కప్లింగ్ వాడండి. కొనేముందు పాత పైపు తుప్పు గీకి, దారం చుట్టి చుట్టుకొలత తీసుకోండి. దాన్ని 3.14తో భాగిస్తే బయటి వ్యాసం వస్తుంది. ‘నాలుగంగుళాల పైపు’ అని చెబితే చాలదు. పాత పైపు అంచు పెళుసుబారి ఉంటే గట్టి భాగం వచ్చేదాకా కోయించండి.

మురుగు నీటికి ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాడిన నీరు, వాన నీటి కోసం చేసే పీవీసీ) పైపుల్లో ‘బి’ రకమే కొనండి. ‘ఎ’ రకం వాన నీటికి, గాలి గొట్టాలకు. నీరు పోయే దిశలో పైపు సన్నబడకూడదు. ఒకే దారిలో రెండు ట్రాపులు (కంపు పైకి రాకుండా నీరు నిలిచే వంపులు) వద్దు. అడ్డొచ్చిందని గాలి గొట్టం మూయకండి: ట్రాపులో నీరు లాగేసుకుపోయి ఇల్లంతా కంపు కొడుతుంది. పాతది ఆస్బెస్టాస్ పైపైతే గ్రైండరు తాకించనివ్వకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. పైపు పగిలే సుత్తి దెబ్బలు వద్దు. మురుగు ఛాంబరు పూడిందని ఎవరినీ లోపలికి దింపకండి; అందులోని విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, రక్షణ సామగ్రి లేకుండా దింపడం 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. సిమెంటుతో అతకవద్దని మళ్లీ చెబుతున్నాను. మేస్త్రీ ‘ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నా’ అన్నా అతకనివ్వకండి.

బకెట్టు నీళ్లు కుమ్మరించి ‘పోతున్నాయిగా’ అనడం పరీక్ష కాదు. అతుకు దాటిన చోట గాలి నింపే రబ్బరు ప్లగ్గు బిగించి, పైదాకా నీళ్లు నింపి, మట్టం గీత గీసి, రాత్రంతా వదిలేయండి. గీత దిగితే విప్పించండి. కింది ఇంటివాళ్లను పిలిచి వాళ్ల కప్పు వాళ్లనే చూసుకోమనండి. అంతవరకు ఒక్క టైలు కూడా పరవనివ్వకండి.